స్థలం ధరకే మండువా ఇల్లు... తీరా పెంకు దింపితే!

అమలాపురం: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎవరో కట్టిన ఇల్లు కొని బాగు చేయించి చూడు అని మాత్రం చెప్పలేదు. కొత్త ఇల్లు కట్టుకునేవాడికి పునాది మొదలు ఏం వేస్తున్నాడో, ఎంత పెడుతున్నాడో కళ్ళెదుటే ఉంటుంది. పాత ఇల్లు కొన్నవాడికి పెంకు దింపిన రోజుగాని తాను ఏం కొన్నాడో తెలియదు.

కోనసీమ గ్రామాల్లో మండువా లోగిళ్ళు, పాత పెంకుటిళ్ళు అక్కడక్కడ బేరానికి వస్తూనే ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో స్థిరపడిపోవడం, పెద్దలు కాలం చేయడం, తాళం వేసిన ఇంటికి దీపం పెట్టే దిక్కు లేకపోవడం ఇందుకు కారణాలు. మరోపక్క ఉద్యోగం విరమించి పల్లెలో ప్రశాంతంగా కాలం గడపాలనుకునే వారికి ఇలాంటి ఇళ్ళపై మక్కువ ఎక్కువ. వీధి అరుగులు, నాలుగు పక్కల వసారా, నడుమ వాన కురిసే మండువా, చేయి చాలని స్తంభాలు. సినిమాల్లో చూసిన ఇల్లు సొంతమవుతుందంటే ఎవరికి మాత్రం ఆశ ఉండదు? ఆ ఆశే లెక్క తప్పిస్తోంది.

ఇటువంటి ఆశతోనే అమలాపురానికి దగ్గరలోని ఒక గ్రామంలో 8 సెంట్ల స్థలంలో ఉన్న మండువా ఇంటిని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కొన్నారు. బేరం 26 లక్షలకు కుదిరింది. "స్థలానికే ఆ ధర పలుకుతుంది మాస్టారూ, ఇల్లు మీకు ఉత్తినే వచ్చినట్టు" అన్నాడు మధ్యవర్తి. విరమణ సొమ్ము 34 లక్షలు చేతిలో ఉంది. ఇంటికి 26, రిజిస్ట్రేషనుకు 2, బాగు చేయించడానికి 6. లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోయింది. కూతురి పెళ్ళికని విడిగా బ్యాంకులో వేసిన 8 లక్షల జోలికి వెళ్ళనక్కర లేదనుకున్నారు. దసరాకు బయానా ఇచ్చి, ఉగాదికి గృహప్రవేశమని బంధువులందరికీ చెప్పేశారు.

సంతకం పెట్టని ఆడపడుచు

మొదటి అడ్డంకి ఇంట్లో కాదు, కాగితాల్లో ఎదురైంది. ఇల్లు అమ్మడానికి ముందుకు వచ్చినవారు ముగ్గురు అన్నదమ్ములు. తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. తాతగారి నాటి ఇల్లు. పంపకాల దస్తావేజు లేదు, అంతా నోటిమాటే. భీమవరం వైపు ఇచ్చిన చెల్లెలు ఒకరున్న సంగతి బేరం నాడు ఎవరూ ఎత్తలేదు. దస్తావేజు రాసే లేఖరి "ఆడపిల్లలు ఎవరైనా ఉన్నారా అండి?" అని అడిగాకగాని ఆ పేరు బయటికి రాలేదు.

ఆడపిల్లలకు పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కుమార్తెలకు అది వర్తించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణతో పెళ్ళితో పని లేకుండా కుమార్తెలందరికీ ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి జీవించి లేకపోయినా కుమార్తె హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చిచెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు జరిగి ఉంటే అది వేరే సంగతి. నోటిమాట పంపకాలను నమ్ముకుంటే మాత్రం కొన్నవాడే కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది.

అన్నదమ్ములు చెల్లెలి ఇంటికి వెళ్ళారు. "సంతకం కోసం వచ్చారుగాని, నా వాటా మాట ఒక్కరూ ఎత్తలేదండీ" అని ఆమె తర్వాత మాస్టారి భార్య దగ్గర చెప్పుకున్నారు. ఆమె మొండికెత్తిందని ఊళ్ళో నలుగురూ అన్నారు. మాస్టారు మాత్రం ఆ మాట అనలేకపోయారు. ఆయనకూ కూతురుంది. నాలుగు నెలల రాయబారాల తర్వాత ఆమె వాటా ఆమెకు ముట్టింది, ఆమె సంతకమూ పడింది. దసరాకు బేరమైన ఇల్లు మాఘమాసంలో రిజిస్టరైంది. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము అన్నీ కలిపి నూటికి ఏడున్నర చొప్పున అనుకున్న 2 లక్షల్లోనే తేలింది. లెక్క నిలిచింది అక్కడి వరకే.

పెంకు దింపిన రోజు

రంగులు, గచ్చు, గుమ్మాలకు పాలిష్. మాస్టారి మనసులో బాగు చేయించడమంటే ఇవే. కప్పుకు పగిలిన పెంకులు మార్చడానికని లక్షన్నర రాసుకున్నారు. కప్పు ఖర్చు ఎంతవుతుందని అడిగితే "ఆయ్, పెంకు దింపితేగాని చెప్పలేమండి" అన్నాడు వడ్రంగి మేస్త్రి. ఆ మాటను తప్పించుకునే మాటగా అనుకున్నారు. నిజానికి ఆ ఇంటి గురించి ఎవరైనా చెప్పిన నిజమైన మాట అదొక్కటే.

వైశాఖంలో పెంకు దింపారు. పైకి నిక్షేపంగా కనబడిన దూలాల్లో మూడింటికి గోడలో దిగిన కొసలు పొట్టులా రాలిపోయాయి. దూలం నడిమి భాగానికి గాలి తగులుతుంది కనుక ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గోడలోకి దిగిన కొసకు గాలి ఆడదు, చెమ్మ మాత్రం చేరుతుంది. కుళ్ళు, చెద ముందుగా పట్టేది అక్కడే. కింద నిలబడి చూసేవాడికి అది కనిపించదు.

మండువా ఇంటికి మరో గండం కూడా ఉంది. కప్పు నాలుగు వైపుల నుంచి లోపలికి వాలి ఉంటుంది. రెండు వాలులు కలిసే మూలలో వాననీరంతా ఒక్కచోటికి చేరి పారుతుంది. అక్కడ ఒక్క పెంకు జారినా నీరు వాసాల మీదికి దిగుతుంది. ఈ ఇంటి ఈశాన్యపు మూల 1996 నవంబరు 6 నాటి తుపానులో లేచిపోయింది. అప్పట్లో దొరికిన కర్రతో, దొరికిన పెంకుతో కప్పేశారు. ఆ అతుకు మీద పాతికేళ్ళకు పైగా వానలు కురిశాయి. ఆ మూల వాసాల్లో ఒక్కటీ పనికి రాలేదు. టేకు దూలాల నడుమ తాటి వాసాలు, వాటి మీద ఏదో అడవి కర్ర రీపర్లు బయటపడ్డాయి. ఇల్లంతా టేకేనని చెప్పిన మధ్యవర్తి ఆ తర్వాత ఆ వీధికి రాలేదు.

తొలకరి ఆగలేదు

కర్ర కోయించి తెచ్చేసరికి జ్యేష్ఠం వచ్చేసింది. సగం కప్పు తీసి ఉండగానే తొలకరి పడింది. టార్పాలిన్లు కట్టారు. ఒక రాత్రి ఈదురుగాలికి అవి చిరిగిపోయాయి. తెల్లారేసరికి పడమటి గోడ ఉబ్బి పొట్టలా ముందుకు వచ్చింది. మూడో రోజు మూడు గజాల మేర కూలింది. పగటిపూట కాకపోవడంతో ఎవరికీ దెబ్బలు తగలలేదు.

ఆ గోడ ఇటుకదే గాని, ఇటుకల నడుమ ఉన్నది మట్టి అడుసు. పైన సున్నపు పూత ఉన్నంతకాలం, నెత్తిన కప్పు ఉన్నంతకాలం అలాంటి గోడ నూరేళ్ళయినా నిలుస్తుంది. కప్పు తీసి వానలో వదిలితే నాలుగు రోజులు నిలవదు. పాత ఇంటి కప్పు పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. కాగితాలు ఆలస్యమైనప్పుడు పని కూడా మరుసటి ఏటికి వాయిదా వేసి ఉంటే ఆ గోడ దక్కేది. కాని బంధువులకు గృహప్రవేశం మాట చెప్పి ఉన్నారు. అవతల అద్దె ఇంటికి నెలకు 6 వేలు కట్టవలసి వస్తోంది. తొందర ఆ రెండింటి వల్లనే వచ్చింది.

పని కార్తీకం దాకా ఆగిపోయింది. ఈలోగా మేస్త్రి రావులపాలెం వైపు కొత్త శ్లాబు పని ఒప్పుకున్నాడు. అతణ్ణి తప్పు పట్టడానికీ లేదు. కొత్త ఇంటి పనిలో చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటే కూలీలకు రోజూ పని దొరుకుతుంది. పాత ఇంట్లో ఏ గోడ వెనుక ఏముందో తెలియక ఎవరూ గుత్తకు ఒప్పుకోరు. రోజుకూలి మీదే చేయించుకోవాలి. అందుకే పాత ఇంటి పనికి ముందుగా వేసిన లెక్క నిలవదు.

సిమెంటు పూస్తే తీరని చెమ్మ

గోడల అడుగున మోకాలెత్తు వరకు పూత రాలి, ఉప్పు తేలినట్టు తెల్లగా ఉంది. గీకించి సిమెంటు పూయిస్తే సరిపోతుందని ఇరుగు పొరుగు సలహా చెప్పారు. ముందుగా ఒక గదికి అలాగే చేయించారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ సిమెంటు పూత పెచ్చులుగా ఊడింది. ఊడుతూ లోపలి ఇటుక మట్టిని కూడా పట్టుకు వచ్చింది.

కాలువలు, చెరువులు నిండుగా ఉన్న కోనసీమలో భూమిలో నీరు పైనే ఉంటుంది. పాత ఇళ్ళ పునాదుల్లో ఆ చెమ్మను ఆపే పొర ఉండదు. చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కుకున్న నీరు మరో దారి వెతుక్కుని మరింత పైకి ఎగబాకుతుంది. మట్టి, సున్నం గోడలకు సున్నపు పూతే తగినదని తెలిసిన మేస్త్రీలు చెబుతారు. అయితే గానుగ ఆడించిన సున్నం, దాన్ని నునుపుగా రుద్దగల చేతులు నేడు అడిగిన వెంటనే దొరకవు. వెతికి తెచ్చుకుంటే కూలి కూడా ఎక్కువే.

ఇక కొడుకు కోరిక మరొకటి. పండక్కి వచ్చినప్పుడు పడుకునే గదికి ఏసీ కావాలన్నాడు. పెంకు సందుల్లోంచి, చూరు కిందినుంచి గాలి ఆడటమే ఆ ఇంటి చల్లదనానికి మూలం. ఏసీ పెడితే ఆ చల్లగాలి కూడా అదే దారిన పోతుంది. గదికి లోకప్పు వేయించి, తలుపులు బిగుతు చేయిస్తేగాని పని చేయదు. చెక్క పట్టీల మీద లాగిన పాత కరెంటు తీగలు ఏసీకి, మోటారుకు తట్టుకోవు. ఎర్తు కూడా లేదు. తీగలన్నీ కొత్తగా లాగవలసి వచ్చింది.

బావమరిది ఒకాయన వచ్చి వాస్తు ప్రకారం వంటింటి గుమ్మం మార్చాలన్నారు. మార్చవలసిన చోట ఉన్న గోడ మీదే రెండు దూలాలు ఆని ఉన్నాయి. గోడలే బరువు మోసే ఇంట్లో ఒక గోడకు కన్నం పెడితే ఆ బరువు ఎక్కడికి పోవాలి? వడ్రంగి మేస్త్రి ససేమిరా అనడంతో ఆ ఒక్క ఖర్చు తప్పింది.

లెక్క ఎక్కడ తప్పింది?

మాస్టారు పైసాతో సహా పుస్తకంలో రాసుకున్నారు. కప్పుకు లక్షన్నర అనుకుంటే 5 లక్షల 20 వేలయింది. గోడలకు లక్ష అనుకున్నది 2 లక్షల 60 వేలకు చేరింది. స్నానాల గది, మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, బోరు కలిపి లక్ష అనుకుంటే 2 లక్షల 90 వేలు. కరెంటుకు 50 వేల బదులు లక్షా 30 వేలు. గచ్చుకు లక్ష బదులు లక్షా 60 వేలు. రంగులకు, పాలిష్‌కు లక్ష అనుకున్నారు. చివరికి డబ్బు కట్టడి వల్ల 80 వేలతో సరిపెట్టారు. మొదట లెక్కలోనే లేని శిథిలాల తరలింపుకు 40 వేలు, ఉగాది తర్వాత 10 నెలలు కట్టిన అద్దె 60 వేలు. వెరసి 15 లక్షల 40 వేలు. అనుకున్నది 6 లక్షలు.

గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. కంటికి కనబడే రంగులు, పాలిష్ అనుకున్న దానిలోనే అయ్యాయి. కనబడని కప్పు, గోడ, తీగ, మురుగు దగ్గరే లెక్క రెండింతలు, మూడింతలయింది. పాత ఇల్లు కొనే ప్రతివారూ కనబడేదానికే లెక్క వేస్తారు. ఖర్చు మాత్రం కనబడనిదానికి అవుతుంది.

అదనంగా పడిన 9 లక్షల 40 వేలలో 5 లక్షలు కూతురి పెళ్ళికి దాచిన సొమ్ములోంచి తీశారు. 2 లక్షలు బంధువుల దగ్గర చేబదులు తెచ్చారు. మిగిలిన 2 లక్షల 40 వేలకు మాస్టారి భార్య గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. బ్యాంకులో ఇంటి మీద అప్పు దొరక్కపోదా అని మొదట అనుకున్నారు. పాత కట్టడానికి మిగిలిన ఆయుష్షు చూసి బ్యాంకువారు విలువ కడతారన్న సంగతి అప్పటికి తెలియదు. వారు కట్టిన విలువ స్థలానికే తప్ప ఇంటికి పెద్దగా లేదు.

పాత కలప బంగారమా?

పనికిరాని కలప అమ్మితే సగం ఖర్చు వచ్చేస్తుందన్నది మరో ఆశ. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా వచ్చిన టేకుకు నేటికీ గిరాకీ ఉన్నమాట నిజమే. కాని పాత కలప కొనే అడితివాడు దూలం పొడవు చూసి డబ్బు ఇవ్వడు. కుళ్ళిన కొసలు, మేకుల చిల్లులు, చెద తిన్న తెల్లభాగం తీసివేసి, లోపల చేవ ఉన్న మేరకే ఘనపుటడుగులు కడతాడు. తాటి వాసాలు వంటచెరకు లెక్కే. మాస్టారికి వచ్చిన డబ్బు పెంకు దింపిన కూలికి సరిపోయింది.

బాగు చేయించిన ఇల్లు రేపు అమ్మితే పెట్టింది తిరిగి వస్తుందనుకోవడం కూడా పొరపాటే. పల్లెలో కొనేవాడు సెంటుకు ఇంత అని స్థలానికే ధర కడతాడు. పాత ఇంటికి పెట్టిన ఖర్చు అందులో ఉండాలనుకునేవాడికి సుఖాన్ని ఇస్తుంది గాని, అమ్ముకోవాలనుకునేవాడికి లాభాన్ని ఇవ్వదు. ఈ తేడా ముందే తెలిస్తే సగం దిగులు తప్పుతుంది.

కొనేముందు చూడవలసినవి

బయానా ఇవ్వకముందే ఈసీ తీయించుకోవాలి. కంప్యూటరులో 1983 నుంచి ఉన్న లావాదేవీలే దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారు కార్యాలయంలో విడిగా వెతికించుకోవాలి. రిజిస్టరు కాని నోటి పంపకాలు ఈసీలో కనిపించవు. అందుకే వంశవృక్షం అడిగి, కొడుకులతోపాటు కూతుళ్ళ పేర్లు కూడా రాసుకోవాలి. పంచాయతీకి కట్టిన ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. గ్రామకంఠంలో ఉన్న స్థలమైతే మరింత జాగ్రత్త అవసరం. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వమిత్వ పథకం కింద గ్రామాల్లో ఇళ్ళ స్థలాలు డ్రోన్లతో కొలిచి కార్డులు ఇస్తున్నారు. అటువంటి కార్డు ఉన్నచోట అందులోని కొలతలతో సరిచూసుకోవడం మంచిది.

ఇంటిని ఎండలో ఒకసారి, గట్టి వాన కురుస్తున్నప్పుడు ఒకసారి చూడాలి. ఏ మూల కారుతుందో వానే చెబుతుంది. సొంతంగా ఒక వడ్రంగిని వెంట తీసుకువెళ్ళి, అమ్మేవారి అనుమతితో నాలుగు చోట్ల పెంకులు తీయించి, దూలాల కొసల్లో మేకు గుచ్చి చూడాలి. మేకు వెన్నలో దిగినట్టు దిగితే ఆ దూలం ధర బేరంలోంచి తగ్గించుకోవాలి. ఒకచోట పూత గీకి గోడ మట్టిదో, సున్నానిదో, సిమెంటుదో తెలుసుకోవాలి. మట్టి అడుసు గోడల మీద శ్లాబు వేద్దామన్న ఆలోచనే పెట్టుకోకూడదు. బోరు నీరు రుచి చూడాలి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పునీటితో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

పనుల వరుస కూడా ముఖ్యమే. మొదట కప్పు, తర్వాత మురుగు, గోడలు, కరెంటు, ఆ తర్వాత గచ్చు, అన్నిటికన్నా చివర రంగులు. ముందే రంగులు వేయించినవారు రెండుసార్లు వేయించుకోవలసి వస్తుంది. చేతిలో ఉన్న డబ్బంతా లెక్కలో రాయకుండా, మేస్త్రి చెప్పిన అంచనాకు మరో అంత విడిగా ఉంచుకోగలిగితేనే పాత ఇంటి జోలికి వెళ్ళాలి. అంత లేనివారు ఇల్లంతా ఒక్కసారే విప్పకుండా, ఏటా ఒక పక్క చొప్పున చేయించుకుంటే కనీసం తల దాచుకునే చోటు మిగులుతుంది.

అన్నవరం కొండపై పెళ్ళి

గృహప్రవేశం ఏడాది ఆలస్యంగా మాఘమాసంలో జరిగింది. ఈశాన్యపు మూల రెండు గదులకు ఇంకా గచ్చు లేదు. తాళం వేసి ఉంచారు. కూతురి పెళ్ళి కొత్త ఇంటి ముంగిట పెద్ద పందిరి వేసి చేయాలన్నది మాస్టారి కోరిక. మిగిలిన 3 లక్షలతో అది కుదిరే పని కాదు. ఆ సంగతి ఎలా చెప్పాలా అని ఆయన తటపటాయిస్తుంటే, కూతురే "అన్నవరంలో చేద్దాం నాన్నా, సత్యనారాయణ స్వామి దగ్గరైతే అందరికీ సంతోషమే" అంది. మగపెళ్ళివారు కూడా సరేనన్నారు. పెళ్ళి సత్యదేవుని సన్నిధిలో జరిగింది.

వర్షాకాలంలో ఇప్పుడు మండువాలో వాన నిటారుగా కురిసి, తూము గుండా పెరట్లోకి పోతోంది. వసారాలో చుక్క కారడం లేదు. ఇల్లు కొనుక్కున్నందుకు విచారిస్తున్నారా అని అడిగినవారికి మాస్టారు లేదనే చెబుతున్నారు. ఆ వీధిలోనే మరో లోగిలి ఇటీవల బేరానికి వచ్చింది. కొనడానికి వచ్చిన ఒక యువకుడు స్థలం ధరకే ఇల్లు దొరుకుతోందని సంబరపడుతుంటే, మాస్టారు అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి తన ఖర్చుల పుస్తకం చేతికిచ్చారు. చదివాక అతడు బేరం మానుకోలేదు. అమ్మేవారికి ఆడపడుచులు ఎందరని అడిగి, ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని మళ్ళీ వస్తానని వెళ్ళాడు.